నేను గీసిన బాణం

గామా కిరణాల విస్ఫోటనాల వెంట పడేవాళ్ళం ప్రపంచమంతా కలిపినా ఎంతోమందిమి ఉండం. ఆకాశంలో ఒకటి పేలిందంటే, ముందు చూసినవాళ్ళు మిగతా అందరికీ నాలుగైదు వాక్యాల సర్క్యులర్ పంపిస్తారు: ఎప్పుడు పేలింది, ఏ వైపు, ఎంత కచ్చితంగా చెప్పగలం. ఒకసారి పంపిన సర్క్యులర్‌ను ఎవరూ చెరపలేరు. తప్పు పోతే దాని కింద ఇంకొకటి పంపుకోవడమే. అలా పోగుపడిన వేల సర్క్యులర్లలో నా పేరు మీద ఉన్నవి కొన్ని, వాటిలో ఒకటి దిద్దుబాటు. నాలుగే వాక్యాలు. మూడో వాక్యం దగ్గరికి వస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. ఎవరైనా ఒక మాట రెండోసారి అడిగితే నా గొంతు మారిపోతుంది, ఎదుటివాళ్ళకు ఆ సంగతి నాకంటే ముందు తెలుస్తుంది. జరిగినదంతా ఆ కోపం దగ్గరే మొదలైంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మా పని గురించి కొంచెం చెప్పాలి. ఎక్కడో ఒక పెద్ద నక్షత్రం కుప్పకూలినప్పుడు కొన్ని సెకన్ల పాటు గామా కిరణాలు ఎగజిమ్ముతాయి. మన గాలి పొర వాటిని కిందికి రానివ్వదు కాబట్టి పరికరాన్ని ఉపగ్రహంలో పైకి పంపాలి. మామూలు కెమెరాలాగా కటకం పెట్టి వాటిని ఫొటో తీయడం కుదరదు. మా పరికరంలో ఉన్నవి నాలుగు చిన్న డబ్బాలు, నాలుగూ నాలుగు వైపులకు తిరిగి ఉంటాయి. లోపల ఒక స్ఫటికం. కిరణం తగిలితే అది మిణుకుమంటుంది, ఆ మిణుకులను లెక్కపెడతాం. ఏటవాలు జల్లు వెలిశాక ఇంటికి ఏ గోడ ఎంత తడిసిందో చూసి వాన ఎటునుంచి కొట్టిందో చెప్తాం చూడండి, మేం చేసేదీ అంతే. ఏ డబ్బాకు ఎన్ని తగిలాయో పోల్చి, అటువైపు వేలు చూపిస్తాం. వెంటనే భూమి మీద పెద్ద పెద్ద టెలిస్కోపులు అటు తిరుగుతాయి, ఎందుకంటే ఆ వెలుగు ఆరిపోయేలోపే చూడాలి. ఒకసారి పేలినది మళ్ళీ పేలదు.

వేలు సరిగ్గా చూపించాలంటే ముందు భూమి మీద అలవాటు చేయాలి. ప్రయోగశాలలో చిన్న రేడియోధార్మిక బిళ్ళ ఒకచోట పెట్టి, దాని ముందు పరికరాన్ని ఐదేసి డిగ్రీలు తిప్పుతూ, ప్రతి కోణంలో ఏ డబ్బాకు ఎన్ని మిణుకులు వచ్చాయో పట్టిక రాసుకుంటాం. పైకి వెళ్ళాక మాకు దిక్కు ఆ పట్టికే. దాన్ని తయారుచేసే పని నాది.

పరికరాన్ని తిప్పడానికి ఒక బల్ల కావాలి. డిగ్రీలు చెక్కిన ఇత్తడి చక్రం, దాని కింద పరికరం బిగించే చెయ్యి. దానికోసం మా నగరంలోని పాత బజారు నగర్తపేటకు వెళ్ళాను. అక్కడ ఒక సందు చివర, కింద జరీ అంగడి, పైన వర్క్‌షాపు. అందులో అరవై దాటిన ఒక పెద్దాయన. రెండు లేత్ మిషన్లు, ఒక మిల్లింగ్ మిషన్, గుండ్రటి వస్తువును సమంగా భాగాలు చేసే ఒక పాత డివైడింగ్ హెడ్. వాళ్ళ తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. సర్వే పరికరాల మీద డిగ్రీలు చెక్కడంతో మొదలుపెట్టి నలభై ఏళ్ళుగా అదే పని. ఆయన గీతలు భూతద్దంతో చూసినా వంక పెట్టలేం. మా ల్యాబులో ఎవరికి కోణాలతో పనిబడినా ఆయన దగ్గరికే పంపేవాళ్ళు.

నేను ఇచ్చిన డ్రాయింగును ఆయన కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, మీ డబ్బా దీనికింద తలకిందులుగా యాలాడతాది కదా. పైనుంచి చూసేవాళ్ళకు నంబర్లు గడియారం మాదిరి పెరగాలనా, రివర్సులోనా?"

"డ్రాయింగులో ఉన్నట్టు చెక్కండి అంకుల్," అన్నాను. మూడింటికి నాకు మీటింగు ఉంది, కిందేమో క్యాబువాడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

"డ్రాయింగులో నంబర్లు ఉండాయి. ఎటు పోవాలో లేదమ్మా."

"ఎటైనా లెక్క మేం చూసుకుంటాం. మీరు గీతలు గీయండి చాలు."

నా గొంతు అప్పటికే మారింది. ఆయన ఏమీ అనుకోనట్టే జేబులోంచి నీలం బాల్‌పెన్ను తీసి నా చేతికిచ్చాడు. అది ఆయన పద్ధతి, తర్వాత తెలిసింది. ఎంత పెద్ద ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళయినా, చెక్కేముందు డ్రాయింగు మీద తమ చేత్తో బాణం గీసి సంతకం పెట్టాలి. పని పూర్తయ్యాక ఆ కాగితాన్ని వస్తువుతోపాటే పెట్టెలో పెట్టి పంపించేస్తాడు, తన దగ్గర నకలు కూడా ఉంచుకోడు.

"ఇత్తడి మీద గీత పడినాక నేను చెరిపేదానికి కాదమ్మా. మీరే బాణం వేసి పోండి."

ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తెలిసేది. గాజు పళ్ళెం మీద గడియారం అంకెలు రాసి అడుగు నుంచి చూస్తే అవి వెనక్కి నడుస్తాయి. తలకిందులుగా వేలాడే పరికరానికీ అంతే, నంబర్లు గడియారానికి ఎదురు తిరగాలి. నేను ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన దిక్కున, గడియారం తిరిగే వైపు, సర్రున ఒక బాణం గీకి, కింద సంతకం పడేసి మెట్లు దిగిపోయాను.

స్టోర్సువాళ్ళు పెట్టె విప్పి బల్ల తెచ్చిచ్చారు. పట్టిక రాశాను. అందులో రెండో డబ్బాకు ఎక్కువ మిణుకులు రావలసిన చోట నాలుగో డబ్బాకు వచ్చాయి. మా పాత కాగితంలో ఏ డబ్బా ఎటు చూస్తుందో రాసి ఉంది, అది పట్టికతో కలవలేదు. కాగితం రాసినవాళ్ళే తప్పు రాసి ఉంటారని, కొలిచిందే నిజమని అనుకుని కాగితాన్ని దిద్దేశాను. ఎవరినీ అడగలేదు. అడగడమంటే నాకు చిన్నతనం.

ఉపగ్రహం పైకి వెళ్ళింది. కొన్ని వారాలకు మొదటి గట్టి విస్ఫోటనం దొరికింది, పదకొండు గంటల టీ వేళ. గ్లాసులు అలాగే వదిలేసి అందరం స్క్రీన్ల మీద పడ్డాం. గంటలోపు దిక్కు లెక్కగట్టి సర్క్యులర్ పంపాను. ప్రపంచానికి అవతలి వైపు రాత్రిగా ఉన్నచోట టెలిస్కోపులు మేం చెప్పిన దిక్కుకు తిరిగాయి. ఎవరికీ ఏమీ కనపడలేదు. మర్నాటికి, దూరదూరంగా తిరుగుతున్న వేరే ఉపగ్రహాలవాళ్ళు తమకు ఆ మెరుపు ఒక్కొక్కరికి ఏ క్షణంలో తాకిందో పోల్చుకుని, అసలు దిక్కు చెప్పారు. మేం చూపించినదానికి అది అద్దంలో బొమ్మలా సరిగ్గా అవతలి వైపు ఉంది. అప్పటికే వెలుగు ఆరిపోయింది.

మా టీమ్ లీడరుది వరంగల్. అరవడు. అరవకపోవడమే భయం. మీటింగులో, "రూట్ కాజ్ ఏందో ఎవరన్నా చెప్పుండ్రి," అన్నాడు.

అప్పటికి నేను బల్ల ఫొటో పది సార్లు చూశాను. నంబర్లు తప్పు వైపు తిరుగుతున్నాయని అర్థమైపోయింది. కంప్యూటరులోని డ్రాయింగు తెరిస్తే అందులో దిక్కు గురించి ఒక్క ముక్క లేదు. నీలం బాణం సంగతి నాకు అప్పుడు గుర్తులేదు. రెండేళ్ళయింది, నిజంగానే గుర్తులేదు. గుర్తు రాకూడదని నా మనసుకు గట్టిగా ఉండి ఉంటుంది, అది వేరే సంగతి.

"స్కేలు తిరగేసి చెక్కారు సార్, వర్క్‌షాపులో," అన్నాను.

గదిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. తప్పు మనది కాదు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "అనుమానం ఉంటే అడగాలి కదా, అడగకుండా ఎలా చెక్కుతారు?" అని కూడా అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఈ నోటితోనే.

ఆ సాయంత్రమే దిద్దుబాటు సర్క్యులర్ పంపాను. మూడో వాక్యం ఇది: భూమి మీద పరీక్షకు వాడిన బల్లపై కోణాలను తయారీదారు తిరగేసి చెక్కినందువల్ల ఈ పొరపాటు జరిగింది. కొనుగోళ్ళ విభాగం నగర్తపేటకు ఒక ఉత్తరం రాసి, ఆ వర్క్‌షాపు పేరు మా జాబితాలోంచి కొట్టేసింది.

ఆదివారం వచ్చింది. మేం వైట్‌ఫీల్డులో ఒక స్కూలు ఆడిటోరియంలో జరిగే తెలుగు చర్చి ఆరాధనకు వెళ్తాం, అమ్మా నేనూ. అమ్మ ఒంగోలులో నర్సుగా చేసి రిటైరై నా దగ్గరే ఉంటోంది. పాటలయ్యాక సాక్ష్యాల సమయం. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఏమిటో నిలబడి చెప్పుకుంటారు. నేను ఎప్పుడూ లేవను. ఆ రోజు లేచాను. ఆఫీసులో నా మీదికి పెద్ద నింద రాబోయిందనీ, తప్పు నాది కాదని తేలిందనీ, ప్రభువు నా తల దించనివ్వలేదనీ మైకులో చెప్పాను. జనం స్తోత్రం అన్నారు. నా గొంతు వణికింది కూడా. ఆ వణుకు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆటోలో వస్తుంటే అమ్మ అడిగింది, "ఆ వర్క్‌షాపు ఆయనకి ఇబ్బందేం రాలేదు కదే?"

"ఏం రాదులేమ్మా, చిన్న విషయం," అన్నాను.

మరో వారానికి, భూమి మీదే విడిగా ఉంచిన అలాంటి రెండో పరికరంతో పట్టిక మళ్ళీ రాయాల్సి వచ్చింది. నంబర్లను తిరగేసి చదువుకుంటే సరిపోతుందని, బల్ల ఉన్న చెక్కపెట్టె తెప్పించి మూత తీశాను. మూత లోపలి వైపు, ప్లాస్టిక్ కవరులో మడిచి ఒక కాగితం అతికించి ఉంది. విప్పాను. నా డ్రాయింగు. నీలం బాణం. నా సంతకం. అప్పుడు గది, కిటికీ, క్యాబువాడి ఫోన్లు, ఆయన అడిగిన ప్రశ్న, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. పక్కన ఎవరూ లేరు.

అప్పుడే లేచి లీడరు గదికి వెళ్ళి ఉంటే ఇది ఇంత దూరం వచ్చేది కాదు. గది నా బల్లకు ఇరవై అడుగులు. నేనేం చేశానంటే, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో జిప్ అరలో దాచాను. చింపేయడానికి ధైర్యం లేదు, చూపించడానికీ లేదు. ఆ బ్యాగుతోనే ఆఫీసుకు వెళ్ళాను, కూరగాయలకు వెళ్ళాను, చర్చికి వెళ్ళాను. అందులోనే బైబిలు కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. తెర మీద ఆయన పేరు చూసి, ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాను. కాగితం గురించి అడుగుతాడని, గొడవ పెట్టుకుంటాడని భయం. మూడోసారి చేయలేదు. చేయకపోయేసరికి హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

ఏడు నెలలు గడిచాయి. కొత్త పట్టికతో తర్వాతి విస్ఫోటనాల దిక్కులు సరిగ్గా వచ్చాయి. మెచ్చుకున్నారు. ఎవరైనా మెచ్చుకున్న ప్రతిసారీ కుర్చీ పక్కన ఉన్న బ్యాగు వైపు నా కళ్ళు పోయేవి. అమ్మ అయితే, "ఈమధ్య నీకు కోపం తగ్గిందే," అని సంతోషపడింది. కోపగించుకునే ముఖం నాకెక్కడిది?

ఈలోగా తర్వాతి ఉపగ్రహానికి ఇంకా పెద్ద పరికరం, దానికి ఇంకో బల్ల కావలసి వచ్చింది. కొత్త వర్క్‌షాపువాళ్ళు చేసిన చక్రం గీతలు చూసి లీడరు పెదవి విరిచాడు. "ఆ పాత పెద్దమనిషి పని మంచిగుండె. ఒక్క మిస్టేక్ చేసిండు, ఏం చేస్తం," అన్నాడు.

చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, "మన డ్రాయింగులో కూడా కొంచెం తికమక ఉండిందనుకుంటా సార్."

కొంచెం తికమక. ఏడు నెలలు మోసి, చివరికి నేను దించిన నిజం అంత. ఆయన తలూపి, వర్క్‌షాపు పేరు మళ్ళీ జాబితాలో చేర్పించాడు. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. లెక్క సరిపోయిందని ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పోయాను. నాలుగు రోజులకు కొనుగోళ్ళ విభాగం నుంచి ఫోన్ వచ్చింది. ఆ వర్క్‌షాపు ఈ పని తీసుకోనంటోందట. పెద్దాయన డిగ్రీలు చెక్కడం మానేశాడట.

మర్నాడు సెలవు పెట్టి నగర్తపేటకు వెళ్ళాను. మెట్రో దిగి సందుల్లో నడుస్తున్నంతసేపూ ఆయన ఎన్ని మాటలంటాడో, నేనేం జవాబు చెప్పాలో లోపల అల్లుకుంటూనే ఉన్నాను. తిడితే పడాలనుకున్నాను. తిట్లు పడితే కొంత తీరుతుందని ఆశ కూడా ఉంది.

ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రామ్మా రామ్మా," అని స్టూలు తుడిచాడు. కింద అంగడి కుర్రాడికి కేకేసి, ఇద్దరికీ చెరి సగం వచ్చే బైటూ కాఫీ తెమ్మన్నాడు. ఒక లేత్ మీద ఎవరో మామూలు ఇనుప గొట్టం ముక్కలు కోస్తున్నారు. డివైడింగ్ హెడ్ మీద గోనెపట్టా కప్పి ఉంది, దాని మీద దుమ్ము.

"మీకు రెండు తూర్లు ఫోన్ చేసినానమ్మా. పెద్ద పనుల్లో ఉంటారని మళ్ళీ చెయ్యలేదు," అన్నాడు.

"తెలుసు అంకుల్. ఎందుకు..." అని ఆగాను.

"తప్పయిపోయినాది, మనసులో పెట్టుకోవద్దని చెప్పేదానికే. అంత పెద్ద పని, నా చేతిలో చెడిపోయినాది. నాకు బాణం గడియారం మాదిరే వేసినట్టు జ్ఞాపకం ఉండింది. లెటరు చూసినాక అర్థమయినాది, నా తలకాయే తిరగబడి ఉండాదని. వయసయినాది కదమ్మా. కంటి డాక్టరు ఏమీ లేదన్నాడు. కన్ను కాకపోతే బుద్ధి. ఊరికెనే ఇంకొకరి పని చెడిపేది యాల అని దాన్ని మూసిపెట్టినాను."

ఆ మాటలు వింటుంటే నా తల తీసేసినట్టయింది. ఈయన నా మీద కోపంతో ఉన్నాడని, రుజువు లేక ఊరుకున్నాడని ఏడు నెలలుగా అనుకుంటున్నాను. ఆయనకు అనుమానమే రాలేదు. చదువుకున్నదాన్ని, కాగితం మీద రాసి పంపించాను కాబట్టి నలభై ఏళ్ళ తన చేతిని కాదని నన్ను నమ్మాడు.

బ్యాగు జిప్ తీశాను. కాగితం తీసి ఆయన ముందు పరిచాను. మడతల దగ్గర నలిగి చిరిగేలా ఉంది.

"మీరు సరిగ్గానే చెక్కారు అంకుల్. మీరు అడిగారు. నేనే తప్పు వైపు గీశాను. ఇదిగో."

ఆయన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, మొదటిసారి చూసినట్టే చాలాసేపు చూశాడు. బాణం మీద వేలు పెట్టి మొదలు నుంచి మొన దాకా జరిపాడు. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చెయ్యి బాగానే ఉండాది," అన్నాడు, నాతో కాదు.

కాఫీ వచ్చింది. ఎవరమూ తీసుకోలేదు. ఆయన కాగితం మడతలు చూస్తూ అడిగాడు, "ఇది మీకు ఎప్పుడు దొరికినాదమ్మా?"

నిన్ననే అని చెప్పవచ్చు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా, దాచడం దేనికి. "ఏడు నెలలైంది," అన్నాను.

ఆయన అటు తిరిగి గోనెపట్టా తీసి, మూలకు మడిచి పెట్టి, డివైడింగ్ హెడ్ పిడిని పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. నూనె లేక అది కీచుమంది. నేను ఏడుస్తున్నాను. ఆయన నా వైపు చూడలేదు. క్షమించమని అడిగాను, రెండోసారి కూడా అడిగాను. పిడి దగ్గర రెండు చుక్కలు నూనె వేసి, గుడ్డతో తుడిచి, అప్పుడు తిరిగాడు.

"మీ కొత్త చక్రం నేనే చేసిస్తాను, పంపించండి," అన్నాడు. గొంతులో కోపం లేదు. "బాణం వేసేదానికి మటుకు ఇంకెవరినన్నా పంపించండమ్మా. మీరు రావద్దు."

ఆ మధ్యాహ్నమే లీడరు గదికి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆయన కాగితాన్ని తన వైపు తిప్పుకుని సంతకం చూశాడు. తర్వాత మూడో సర్క్యులర్ పంపాను. కోణాలను తయారీదారు సరిగ్గానే చెక్కాడని, దిక్కు తప్పుగా ఇచ్చింది నేనని, అది తెలిసి ఏడు నెలలు చెప్పలేదని రాశాను. రెండో సర్క్యులర్ దాని పైనే ఉంది, ఎవరైనా రెండూ చదవవచ్చు. ఇంట్లో అమ్మకు చెప్పాను. "మైకులో చెప్పావు కదే, ఇదీ అక్కడే చెప్పు," అంది. ఇంకా లేవలేదు. ప్రతి ఆదివారం సాక్ష్యాల సమయానికి తల వంచుకుని కూర్చుంటున్నాను.

కొత్త చక్రానికి బాణం గీయడానికి లీడరే నగర్తపేటకు వెళ్ళాడు. వెళ్ళేముందు డ్రాయింగు పట్టుకుని నా దగ్గర ఆగి, "ఎటు గీయాలె?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూసి, పక్క సీటు దగ్గరికి వెళ్ళి అదే ప్రశ్న ఇంకొకరిని అడిగాడు.